చుక్కలూ గీతలూ మావాడూ

మా మేనల్లుడు హైదరాబాదులో బీటెక్ మూడో సంవత్సరం. తోటివాళ్లంతా ప్లేస్‌మెంట్ల వెంట పడుతుంటే వీడు గ్రాఫ్ థియరీలో రీసెర్చి వెంట పడ్డాడు. ఈ జాతిని గుర్తుపట్టడం తేలిక. జేబులో పెన్నుంటుంది, కాగితం ఉండదు. టిఫిన్ బిల్లు, కరెంటు బిల్లు, మందుల చీటీ, ఏదైనా సరే, వెనకవైపు తెల్లగా కనిపిస్తే చాలు, చుక్కలూ గీతలతో నిండిపోతుంది. మాటల్లో పెడితే 1736లో ఆయిలర్ తేల్చిన కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల దగ్గర మొదలెడతాడు. ఎదుటివాడు చెప్పులేసుకునేదాకా ఆపడు.

వీళ్లందరికీ తొలిప్రేమ ఒకటే, గ్రేస్‌ఫుల్ ట్రీ కంజెక్చర్. చుక్కలన్నీ గీతలతో కలిసి ఉండి, ఎక్కడా చుట్టు పడకపోతే ఆ బొమ్మ చెట్టు. దాని చుక్కలకు సున్నా నుంచి వరసగా అంకెలు వెయ్యాలి. గీత చివరల్లో ఉన్న అంకెల తేడా ఏ రెండు గీతలకూ ఒకేలా రాకూడదు. ఏ చెట్టుకైనా ఇలా వెయ్యగలమా? 1967 నాటి అలెగ్జాండర్ రోసా పేపరుతో మొదలైన ఈ గొడవ ఇంకా తేలలేదు. హైస్కూలు పిల్లాడికి కూడా అర్థమవుతుంది, అదే దాని మోసం. మావాడు రాత్రి రెండింటికి నిరూపించేస్తాడు, తెల్లారేసరికి మూడో కేసులో కన్నం బయటపడుతుంది. "ముందు గొంగళిపురుగు ఆకారపు చెట్లకు చెయ్యి నాయనా" అంటారు వాళ్ల సారు. చేశాక తెలిసింది, అది రోసా ఎప్పుడో చేసేశాడని. ఈ అంకెల పందేరం మీద జోసెఫ్ గాలియన్ నడిపే సర్వేలో 3000కు పైగా పేపర్లున్నాయి, మావాడు ఏది కనిపెట్టినా అందులో ఎక్కడో దొరుకుతుంది. ఫోన్లో చెట్లు, ఆకులు, పురుగులు విన్న మా అమ్మ మాత్రం మనవడు వ్యవసాయం చదువుతున్నాడనుకుంటోంది. పోనీలెమ్మని ఎవరం చెప్పలేదు.

అసలు ప్రతాపం మేనకోడలి పెళ్లికి చూశాం. 15 ఇళ్లకు శుభలేఖలు పంచిరమ్మన్నారు బావగారు.

"నాన్నా, ఇది ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్. అన్నీ తిరిగి ఇంటికి రావడానికి 65 వేల కోట్ల పైచిలుకు దారులున్నాయి."

"మనకొకటి చాలురా."

చాలదట. అన్నిటికన్నా దగ్గర దారే కావాలట. 1962 నాటి హెల్డ్-కార్ప్ పద్ధతిలో ప్రోగ్రాం రాశాడు. కంప్యూటరుకది చిటికెలో పనే, కానీ 120 దూరాలు ఎక్కించేసరికి వారం గడిచింది. ఈలోగా మా అక్క, "మీ మామయ్యకు మొదట ఇవ్వకపోతే అలుగుతాడురా" అంది. (ఆ మామయ్యను నేనే.) ప్రోగ్రాం మార్చాడు. "రాహుకాలంలో గడప దాటకు." మళ్లీ మార్చాడు. ఇంతలో వాడి కళ్లు మెరిశాయి. వేళల షరతులు పెట్టిన సేల్స్‌మన్ మీద పేపర్లు ఉన్నాయట గానీ రాహుకాలం పెట్టినవాడు లేడట! వాడు పేపరుకు పేరు వెతుకుతుండగా బావగారు స్కూటరేసుకుని పంచేసి వచ్చారు. నాకు అందరికన్నా ఆఖర్న అందింది. అలిగాను.

అయినా వీణ్ని తీసిపారెయ్యలేం. పెళ్లిలో ఎడమొహం పెడమొహం చుట్టాలను చుక్కలుగా పెట్టి, పడనివాళ్ల మధ్య గీత గీసి, గీత ఉన్న ఇద్దరూ ఒకే బంతిలో కూర్చోకుండా లెక్కేశాడు. మూడు బంతుల్లో భోజనాలైపోయాయి, ఒక్క విస్తరీ విసురుగా లేవలేదు. గ్రాఫ్ కలరింగ్ అంటే అదేనట. మీ ఇంట్లోనూ ఇలాంటివాడుంటే బంతులు వాడికి అప్పగించండి, శుభలేఖలు మీరే పంచుకోండి.