బొగ్గుపులుసు వాయువును పట్టే గుళికలు: ఎనిమిది చిట్కాలు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అర్ధరాత్రి దాకా కొలిమి ముందు కూర్చుని ఒళ్లు హూనం చేసుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. గుళిక పొగగొట్టం దాకా వెళ్లక్కర్లేదు, పేపర్ దాకా వెళితే చాలు. ఈ చిట్కాలు పాటించండి, సాయంత్రం అయిదింటికల్లా ఇంటికి చేరండి.

1. సున్నంతో మొదలుపెట్టండి. చవక, వెతుక్కునే పని లేదు. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం వస్తుంది. 650 డిగ్రీల దగ్గర అదే సున్నం పొగలోని వాయువును పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. లెక్క ప్రకారం గ్రాము సున్నం 786 మిల్లీగ్రాములు పీల్చాలి. ఆ అంకెను మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో వేయండి. కొలిచారా అని అడిగితే పేజీ తిప్పండి.

2. మొదటి విడతతో ఆపేయండి. సున్నాన్ని కాల్చిన కొద్దీ రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్య సందులు పూడిపోతాయి. మామూలు సున్నపురాయి మొదటిసారి నూటికి 70 పాళ్ల దాకా పనిచేస్తుంది, ఇరవయ్యోసారికి 20 పాళ్ల లోపుకు దిగిపోతుంది. ఆ దిగుడు మీరెందుకు చూడాలి? ఇరవై విడతలు కావాలని గైడ్ గారు పట్టుబడితే కరెంటు పోయిందనండి. రెండోసారి అడిగితే సిలిండర్ అయిపోయిందనండి. మూడోసారి ఎవరూ అడగరు.

3. చిటికెడే తూచండి. వేడి చేస్తూ బరువు మార్పును కొలిచే టీజీఏ యంత్రం పళ్లెంలో పది మిల్లీగ్రాములు చాలు. వాయువును పీల్చుకునేటప్పుడు ఏ పదార్థమైనా వేడెక్కుతుంది, వేడెక్కితే పీల్చడం తగ్గుతుంది. టన్నుల కొద్దీ పోసిన గొట్టంలో ఆ వేడిని తీయడానికి ఇంజనీర్లు తల పట్టుకుంటారు. చిటికెడు పొడిలో వేడి ఎప్పుడు పుట్టిందో ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. తెలియనిది రాయక్కర్లేదు.

4. స్వచ్ఛమైన వాయువునే వాడండి. బొగ్గు ప్లాంటు పొగలో బొగ్గుపులుసు వాయువు నూటికి 12 నుంచి 15 పాళ్లే. మిగతాది నత్రజని, నీటి ఆవిరి, గంధకపు వాయువులు, బూడిద. ఆ రొచ్చులో చెయ్యి పెట్టకండి. ముఖ్యంగా వాయువును పట్టే 13ఎక్స్ జియోలైట్ అనే పదార్థానికి తేమ చూపించకండి, అది నీటిని కౌగిలించుకుని మన వాయువును గుమ్మంలోనే నిలబెడుతుంది. కెనడాలో కాల్గరీ వాళ్లు కాల్ఫ్-20 అనే పదార్థాన్ని కొంత తేమలోనూ పనిచేసేలా తయారు చేశారు, సిమెంటు ఫ్యాక్టరీ పొగలోనూ పరీక్ష జరిగింది. వాళ్ల పేపర్‌ను తప్పక ఉదహరించండి, వాళ్ల ఓపికను మాత్రం తెచ్చుకోకండి. తేమ సంగతికి ‘ముందు ముందు చేయవలసిన పని’ అనే చివరి పేరా ఉండనే ఉంది.

5. అమైన్ దట్టించండి. సిలికా రంధ్రాల్లో పాలీఇథిలీనిమైన్ అనే అమైన్ నింపితే వాయువు బాగా అంటుకుంటుంది. ఎంత నింపాలో లెక్కలు వేయకండి, పట్టినంత కుక్కండి. రంధ్రాలు పూడిపోయి లోపలి అమైన్ వాయువు ముఖమే చూడకపోయినా పేపర్లో శాతం ఘనంగా కనిపిస్తుంది. గాలి తగిలేలా మళ్లీ మళ్లీ వేడి చేస్తే పొడి పసుపెక్కుతుంది, తర్వాత టీ రంగుకు తిరుగుతుంది. అమైన్ చచ్చిపోతోందన్నమాట. అందుకే ఫొటో మొదటి రోజే తీయండి, సీసా మీద తేదీ రాయకండి.

6. గుళిక కట్టకండి. బంక కలిపితే పీల్చే శక్తిలో వాటా పోతుంది. పొడినే గొట్టంలో పోయండి. రేణువు సైజు సగమైతే, నెమ్మదిగా సాగే గాలిని నెట్టడానికి కావలసిన ఒత్తిడి నాలుగింతలవుతుంది. అవనివ్వండి, ఫ్యాను మీది కాదు, కరెంటు బిల్లూ మీది కాదు. గుళిక చూపించక తప్పదంటే చేత్తో మెత్తగా నొక్కి, దూది పరిచిన డబ్బాలో తీసుకెళ్లండి. ఎవరైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నారా, విభూతిలా రాలిపోతుంది. చెయ్యి చాపగానే “చెమట తగిలితే పాడవుతుంది సార్” అని మూత పెట్టేయండి.

7. తిరిగి వదిలించే ఖర్చు ఎత్తకండి. పట్టుకున్న వాయువును విడదీయాలంటే మళ్లీ 900 డిగ్రీలు, మళ్లీ ఇంధనం. పట్టుకున్నది మీ ఖాతాలో రాయండి, కాల్చిన బొగ్గు ప్లాంటు ఖాతాలో వేయండి.

8. పొడిని ప్లాంటుకు అప్పగించి ఫోన్ నంబరు మార్చండి. అక్కడ మీ పొడి గొట్టంలో బిగుసుకుంటుంది. ఫ్యాను మూలుగుతుంది. బిగుసుకోని పొడి ఒరుసుకుని ఒరుసుకుని దుమ్మై పొగతోపాటు పైకి లేస్తుంది. బొగ్గుపులుసు వాయువు ఎప్పటిలాగే ఆకాశానికి వెళుతుంది, అదనంగా కాల్చిన బొగ్గు పొగ దానికి తోడు వెళుతుంది. అప్పటికి మీ పేరు ముందు డాక్టర్ చేరి ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లలో దండేల మీద బట్టలు, డాబాల మీద వడియాలు, చింతచెట్ల ఆకులు అన్నీ తెల్లగా మెరుస్తాయి. పండగ రాకుండానే, పైసా ఖర్చు లేకుండా, ఊరంతటికీ వెల్ల వేయించిన ఘనత మీదే.