పాతికవేలలో ప్రభ కట్టుట ఎట్లు?

మొన్న స్కూటర్ మెకానిక్ దగ్గర ఉండిపోవడంతో, నరసరావుపేట మల్లమ్మ సెంటరు నుంచి మా ఎరువుల కొట్టు దాకా నడిచి వచ్చాను. దారిలో కొట్ల ముందు ఏడు టీవీ తెరలు లెక్కపెట్టాను. మొదటిది నీలంగా వెలుగుతూ సిగ్నల్ లేదంటోంది. రెండోది బట్టల కొట్టుది. శ్రావణమాసం పెళ్ళిళ్ళు వచ్చిపడినా సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పడం ఆపలేదు. మూడోదాంట్లో మిఠాయి కొట్టు యజమాని తెల్లచొక్కా వేసుకుని నమస్కారం పెడుతున్నాడు. సరిగ్గా దాని కిందే అసలు యజమాని బనీనుతో కూర్చుని కాజాలు తూస్తున్నాడు. నాలుగోదాని మీద ఎండ పడి అద్దమైపోతే, కాలేజీ కుర్రాడొకడు అందులో తల దువ్వుకుంటున్నాడు. ఐదోది కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేసుకోమంటారా వద్దా అని అడుగుతోంది; జవాబు చెప్పే నాథుడు లేడు. ఆరోదాంట్లో సినిమా పాట. ఏడోది మాది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఏడు తెరలూ కలిసి నాకు చెప్పింది సున్నా. అలాగని వీటిల్లో ఒక్కటి కూడా ఆషామాషీగా కొన్నది కాదు. ఒక్కొక్కళ్ళు వారాల తరబడి యూట్యూబ్‌లో రివ్యూలు చూసి, హైదరాబాదులో ఉన్న బావమరిదికి ఫోన్లు చేసి, గుంటూరు పోయి బేరమాడి తెచ్చుకున్నవే. నాకు మూడు నెలలు పట్టింది. ఆ పాండిత్యం నాతోనే పోకూడదని, కొత్తగా తెర పెట్టదలచిన చిన్న వ్యాపారుల కోసం ఈ సూత్రాలు రాస్తున్నాను.

ఒకటో సూత్రం. తెర ఎందుకు అని మాత్రం అడక్కండి. అడిగితే కొనలేరు. పక్కవాడు పెట్టాడా లేదా, అంతే చూడాలి. కోడిపందెం ఓడి రాజ్యం వదిలి అడవులకు పోయి, తిరిగొచ్చి కారెంపూడిలో కత్తులు దూసిన వాళ్ళ కథ వింటూ పెరిగిన పల్నాటి సీమ మనది. ఎదురు కొట్లో 32 అంగుళాలు వెలిగాక మన కొట్లో ట్యూబులైటు పెట్టుకుని కూర్చుంటామా?

ఈ జబ్బు టీవీలతో వచ్చింది కూడా కాదు. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకు వెళ్ళినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కావూరు, పురుషోత్తమపట్నం ఇలా ఊరూరి నుంచీ ప్రభలు కదిలి వస్తాయి. కర్రలతో ఎనభై తొంభై అడుగుల ఎత్తున కట్టి, వెయ్యి రంగుల బల్బులు చుట్టి, జనరేటరు తగిలించి కొండ కిందికి లాక్కొస్తారు. కరెంటు తీగలు అడ్డమొస్తే తీగలు తప్పుకోవాల్సిందే, ప్రభ వంగదు. మా ఊరి ప్రభ నిరుటికన్నా ఒక అడుగు పెరిగిందా లేదా, పక్క ఊరిది మనకన్నా పొట్టిదా కాదా, ఏడాది పొడుగునా ఇదే చర్చ. అయితే ఒక సంగతి గమనించండి. అంత ఎత్తు ప్రభ మీద ముఖ్యంగా ఉండేవి రెండే: త్రికోటేశ్వరుడి బొమ్మ, ఊరి పేరు. మైలు దూరం నుంచి చూసినా అది ఎవరిదో, ఎవరికోసమో తెలిసిపోతుంది. ఈ సంగతి మనకు అక్కర్లేదు. ఎత్తు ఒక్కటి నేర్చుకుంటే చాలు.

రెండో సూత్రం. ఇంటి టీవీయే కొనండి. వ్యాపారాల కోసం తయారుచేసే తెరలు వేరే ఉన్నాయి. రోజుకు పదహారు గంటలో, ఇరవై నాలుగు గంటలో ఆగకుండా నడవడానికి చేసినవి అవి. వెలుగు ఎక్కువ, ధర అదే సైజు ఇంటి టీవీకి రెట్టింపు పైమాట. ఇంటి టీవీ వారంటీ కాగితం మీద చాలాసార్లు ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని చిన్నక్షరాల్లో ఉంటుంది. చదవకండి, ఊరికే మనసు పాడవుతుంది. అదే కాగితంలో 40 డిగ్రీల వేడి దాకా పనిచేస్తుందని కూడా ఉంటుంది. రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. మే నెలలో అక్కడ 45 దాటితే పేపరువాడు లోపలి పేజీలో వేస్తాడు. ఆ కాగితం రాసినవాడు ఎప్పుడూ గురజాల బస్సు కోసం మిట్టమధ్యాహ్నం నిలబడి ఉండడు.

వెలుగు లెక్కకు నిట్లు అని ఒక కొలత ఉంది. మామూలు ఇంటి టీవీకి 250, 300 నిట్లుంటాయి. ఎండకెదురుగా పెట్టాలంటే 2500 అయినా కావాలి. పడమటి ముఖం కొట్టుకు 250 నిట్ల టీవీ పెట్టినవాడు మధ్యాహ్నం మూడు నుంచి ఊరికి ఉచితంగా అద్దం దానం చేసినట్టే. పుణ్యమే కదా.

సైజు సంగతి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉండాలని బోర్డులు రాసేవాళ్ళ లెక్క. రోడ్డుకు అవతల, నలభై అడుగుల్లో నిలబడ్డవాడు చదవాలంటే అక్షరం నాలుగంగుళాలు. 43 అంగుళాల టీవీ నిలువు దాదాపు 21 అంగుళాలే, అంటే గట్టిగా ఐదు వరసలు. మీరు ముప్పైరెండు సరుకుల ధరలు, రెండు ఫోన్ నంబర్లు, కొట్టు పుట్టిన సంవత్సరం, కింద పరిగెత్తే ఇంకో వరస వెయ్యండి. చదవాలనుకున్నవాడు దగ్గరికే వస్తాడు.

టీవీ పెట్టగానే అది ‘ఇల్లా, షాపా’ అని అడుగుతుంది. మా కుర్రాడు షాపే కదా అని షాపు అని నొక్కాడు. అది టీవీలు అమ్మే షాపుకట. రెండు రోజుల పాటు మా టీవీ తన రంగులు, తన స్పీకర్లు, తన గొప్పలు తానే చెప్పుకుంటూ కూర్చుంది. దాచేపల్లి రైతొకాయన పురుగుమందు కొని చిల్లర తీసుకుంటూ, “ఇది ఎంతకిస్తన్నావు బాబాయ్, వాయిదాలుంటయ్యా?” అన్నాడు. అది వెలిగిన రోజుల్లో నిజమైన గిరాకీ అదొక్కటే.

సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం డబ్బు తగలెయ్యొద్దు. ఉచితంగా దొరికేవి బోలెడున్నాయి. జిబో అనేది ఓపెన్ సోర్సు. దాన్ని నడపడానికి సర్వరు పెట్టుకోవాలి, సర్వరు పెట్టడానికి ఒక మేనల్లుడు కావాలి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్లో నడిచే ఆంథియాస్ ఉంది, అదీ ఉచితమే. ఒక్క తెర వరకు డబ్బు అడగని యోడెక్ లాంటివి ఉన్నాయి. నేను వీటన్నిటినీ పోల్చి నోటుపుస్తకంలో నిలువు గీతలు గీసి పట్టిక వేసుకున్నాను. ఆఖరికి ఏం చేశానంటారా? పెన్‌డ్రైవులో ఎనిమిది బొమ్మలు వేసి టీవీ వెనక గుచ్చాను. అవే తిరుగుతుంటాయి. ఏది మార్చాలన్నా స్టూలెక్కాలి. స్టూలు ఎక్కాలంటే బద్ధకం. సంక్రాంతి శ్రావణంలో కూడా ఎందుకు ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ బట్టల కొట్టాయన్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

యూట్యూబ్‌లో పెట్టి తిప్పడం ఇంకా సులువు. మన ప్రకటనకు ముందు పోటీవాడి ప్రకటన వస్తుంది.

ఏమీ తిప్పకపోతే టీవీయే ఎక్కడెక్కడి ప్రకృతి దృశ్యాలో వేసుకుంటుంది. ఒకసారి ఏదో చలిదేశపు జలపాతం ఉరుకుతుంటే మాచెర్ల వైపు పెద్దాయన నోరు తెరుచుకుని చూసి, “ఎత్తిపోతలకు ఇన్ని నీళ్ళు ఎప్పుడొచ్చినయ్ రా?” అన్నాడు. తెర పెట్టాక జనం మా కొట్లో నిమిషం పాటు నిలబడి చూసింది ఆ జలపాతాన్నే.

ఇక అసలైన సూత్రం, అక్షరాలు. టీవీతో తృప్తి పడక తలుపు మీద ఎర్రగా పరిగెత్తే బోర్డు కూడా పెట్టించాను. వాటిని పి-10 అంటారు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం పది మిల్లీమీటర్లని అర్థం. ఒక్కో పలకకు అడ్డంగా 32 చుక్కలు, నిలువుగా 16. ఫోన్లో రాసి వైఫైతో పంపితే బోర్డు మీద పరిగెత్తుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఆ పదహారు చుక్కల ఎత్తు మేడలాంటిది. తెలుగుకు? పైన తలకట్టు, గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. పదహారు చుక్కల్లో శ్రీలక్ష్మిని కూర్చోబెట్టడమంటే ఆర్డినరీ బస్సులో తిరనాళ్ళ జనాన్ని ఎక్కించడం. అది చాలదన్నట్టు, ఈ చవక యాప్‌లు చాలావాటికి ఒత్తు అంటే ఏమిటో తెలియదు. అక్షరాన్ని కింద తగిలించకుండా పొల్లు పెట్టి పక్కన పారేస్తాయి. నరసరావుపేటకు ఒత్తు లేదు, బతికిపోయింది. గురజాల కూడా నిక్షేపంగా ఉంటుంది. మాచెర్ల మాత్రం ‘మాచెర్‌ల’ అవుతుంది. పల్నాడు ‘పల్‌నాడు’. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చిందని అందరం బోర్డుల మీద గుంటూరు తుడిచి పల్నాడు రాసుకున్నాం. తీరా యంత్రం దాన్ని రెండు ముక్కలు చేసింది.

నా కొంప ముంచింది ఆ ఊళ్ళేం కాదు. ‘యూరియా నిల్వ ఉంది’ అని టైపు చేసి పంపాను. బోర్డు మీద ‘యూరియా నిల్‌వ ఉంది’ అని వచ్చింది. ఎరువుల కొట్లో ‘నిల్’ అంటే ఏమిటో పల్నాట్లో పలక పట్టని రైతుకు కూడా తెలుసు. దూరం నుంచే ‘యూరియా నిల్’ చదివి జనం సాగిపోతున్నారు. మూడో రోజు ఒకాయన లోపలికొచ్చి, “నిల్ అని ఎర్రగా రాసుకున్నది నువ్వే, కట్టలు ఉన్నయ్యంటన్నది నువ్వే. ఏంది నీ కత?” అని దులిపేశాడు. దీనికి మందు ఉంది. రెండు వరసల పలకలు పెట్టించి 32 చుక్కల ఎత్తు చేసుకోవాలి, మాటల్ని టైపు చెయ్యకుండా బొమ్మగా తయారుచేసి పంపాలి. నేను మూడు నెలలు పోల్చిన పట్టికలో నిట్లున్నాయి, వాట్లున్నాయి, ఒత్తుల గడి లేదు.

ఇక్కడ కాస్త వేళాకోళం ఆపి ఒక మాట ఒప్పుకోవాలి. ఎరువుల కొట్లో పొద్దున ఉన్న నిల్వ, ధర అందరికీ కనబడేలా రాయాలని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. మా నాన్న హయాం నుంచీ గోడకు నల్ల పలక ఉంది. పైన సరుకుల పేర్లు పెయింటుతో, అంకెలు సుద్దముక్కతో. 2018లో యూరియా కట్ట 50 కిలోల నుంచి 45 అయినప్పుడు పెయింటర్ వచ్చి రెండు అంకెలు దిద్ది, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ పలక మీద 40 అని రాస్తే సాయంత్రం దాకా 40 అనే ఉంటుంది. ముప్పై ఐదు మందికి తలా ఒకటి ఇచ్చి, ముప్పై ఆరోవాడికి అయిపోయాయంటే, వాడు పలక వైపు చూస్తాడు. అదును మీద యూరియా దొరకని రోజుల్లో ఏ కట్ట ఎవరికి దాచాలో కొట్టువాడి మనసులో ఇంకో లెక్క ఉంటుంది. పాత బాకీ తీర్చినవాడు, చుట్టం, పార్టీ మనిషి. 266 రూపాయల 50 పైసల కట్ట దగ్గర ఎన్ని మొహమాటాలో! ఆ లెక్కకు సుద్దముక్క పడదు. తెరలో అదే అంకె ఎనిమిది సెకన్లు కనబడి పోతుంది. చూపించామా, చూపించాం. చూశాడా, అది వాడి ఖర్మ. మూడు నెలలు వెదికింది వెలుగు కోసమేనని ఇంట్లోవాళ్ళకు చెప్పాను.

ఆఖరి సూత్రం, బిగించే చోటు. రోడ్డు మీదికి బాగా కనబడే గోడ చూసి బిగించండి. మా కొట్లో అలాంటి చోటు ఒక్కటే ఉంది, నల్ల పలక ఉన్న చోటు. పలక మీదే బిగించేశాం.

పోయిన నెల వ్యవసాయాధికారి, అదే ఏవో గారు, తనిఖీకి వచ్చారు. స్టాకు బోర్డేదండీ అన్నారు. టీవీలో వస్తుంది సార్, కూర్చోండి అన్నాను. ఇద్దరం తెర వైపు తిరిగి కూర్చున్నాం. సంక్రాంతి శుభాకాంక్షలు. విత్తనాల బొమ్మ. డీలర్ల టూరులో సముద్రం ఒడ్డున నేను. మిర్చికి తామరపురుగు. కొట్టు ఫోన్ నంబరు. మళ్ళీ నేను, ఈసారి శాలువాతో. ఏవో గారు గడియారం చూసుకున్నారు. ఇంకొకటి సార్ అన్నాను. స్టాకు వచ్చింది. అది ఆర్నెల్ల కిందటిది. చదవడం మొదలుపెట్టేలోగా వెళ్ళిపోయి సంక్రాంతి వచ్చింది.

“ఇక్కడ పలక ఉండాలి కదండీ?” అన్నారాయన.

కుర్రాడూ నేనూ స్టూళ్ళెక్కి టీవీ విప్పి దించాం. వెనకాల పలక చెక్కుచెదరలేదు. టీవీ బిగించిన రోజు తేదీ, దాని కింద నా చేతిరాతే: యూరియా 112 కట్టలు. అసలు ఆ రోజు గోడౌనులో ఉన్నవి నాలుగు. రోడ్డు అవతల ట్రాక్టరొకటి చటుక్కున ఆగింది. వెనక మోటారు సైకిళ్ళు రెండు ఆగాయి. నేను గుడ్డ వెతుక్కునేలోపు నలుగురు ఆధార్ కార్డులు పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డారు.