తుప్పు బాబాయి

నల్లజర్లలో ఎవరింట్లో కత్తిపీట కనబడకపోయినా ముందు మా బాబాయి అరుగు మీద చూస్తారు. దొంగతనం కాదండోయ్, వైద్యం. పేరంటానికి వెళ్ళిన పిన్నికి తాంబూలంతో పాటు ఓ తుప్పు కొడవలి కూడా చేతిలో పెట్టి, "బాబాయిగారికివ్వండమ్మా, కాస్త చూస్తారు" అంటారు. ఇలాంటి బాబాయి ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. కొందరికి పాత రేడియోలు, కొందరికి ఆగిపోయిన గడియారాలు. మాకు తుప్పు రాసిపెట్టుంది.

రోగి రాగానే మందు మొదలెట్టరు. ముందు చరిత్ర. "ఒరే, నిజామాబాద్ దగ్గర కోనసముద్రం అని ఊరుంది. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారురా! ఢిల్లీలో ఇనపస్తంభం 1600 ఏళ్ళుగా నిలబడింది. మీరేమో ఓ కత్తిపీటని కార్తీకం దాకా నిలపలేకపోయారు."

ఈలోగా పిన్ని తాడేపల్లిగూడెం మార్కెట్ ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంటుంది. ఇంట్లో మిగిలిన ఒక్క చాకూ నిమ్మరసంలో నానుతోంది మరి.

వైద్యం నిజానికి సులువే. ఇనుము, తేమ, గాలి కలిసి పెట్టిన కాపురమే తుప్పు. పులుపు ఆ కాపురం కూలుస్తుంది. నిమ్మచెక్కకి ఉప్పద్ది రుద్దినా, చింతపండు గుజ్జు పట్టించి ఓ గంట వదిలేసినా చాలు. మొండిదైతే తడి ఇటుకపొడితో తోమాలి. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాస్తే పని అయిపోయినట్టే. అక్కడితో ఆగే మనిషైతే ఆయన గురించి నేనెందుకు రాస్తాను? గంట చాలన్నచోట రెండు రోజులు నానబెడతారు. పులుపుకి తన పర భేదం లేదు. తుప్పు అయ్యాక ఇనుమునీ తింటుంది. తాతగారి నాటి అరచెయ్యంత వెడల్పు కత్తిపీట ఈ వైద్యానికి చిక్కి చిక్కి కొబ్బరి ఈనెలా తయారైంది. మా ఇంట చారుకి చింతపండు ఉండదు. నిమ్మతోటలున్న మెట్టలో పుట్టి కూడా నిమ్మకాయ నీళ్ళకి నేను పక్కింటికి వెళ్తాను.

స్టెయిన్‌లెస్ స్టీలు మాటెత్తితే ఆయనకి ఒళ్ళు మంట. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది పల్చటి పొర కట్టి ఇనుముని కాస్తుంది అని చెప్పబోయాను. "తుప్పు పట్టని కత్తీ, అలగని అల్లుడూ ఉంటార్రా?" అన్నారు.

అసలు బాధ అది కాదు. బాగుచేసిన కత్తిని ఎవర్నీ వాడనివ్వరు. మిలమిలలాడించి, పేపర్లో చుట్టి, అటకెక్కిస్తారు. వానాకాలంలో పేపరు చెమ్మ పీలుస్తుంది. మళ్ళీ తుప్పు, మళ్ళీ కోనసముద్రం.

మొన్న ఆయన్ని చేపల బజారుకి తీసికెళ్ళాను. కొల్లేటి కొర్రమీను తూయించాక, కోసే ఆవిడ కత్తిపీట దగ్గర ఆగిపోయారు. పొద్దస్తమానం నీళ్ళలో తడిసే కత్తి, అంచు తళతళలాడుతోంది.

"ఏమ్మా, దీనికేం రాస్తావు?"

"ఏం రాత్తానండీ, పొద్దుట్నించీ కోత్తానే ఉంటానండి. ఇంటికెళ్ళాక ఊకబూడిదేసి తోమి, తుడిచి పెడతానండి."

బాబాయి దారంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే బస్తాడు ఊకబూడిద దిగింది. వీధిలో కత్తులన్నీ మళ్ళీ అరుగు మీదే ఉన్నాయి.

మా ఇంటికి భోజనానికి వచ్చేవారు దయచేసి కూరలు తరిగి తీసుకురండి.