ట్యాంకులెక్కి వచ్చిన పోలీసులు

1948 సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి నల్దుర్గ్ మీదుగా హైదరాబాద్ సంస్థానంలోకి పోలీసులు దిగారు. వాళ్ల లాఠీలు కాస్త బరువైనవి. షెర్మన్ ట్యాంకులంటారు వాటిని. మరికొందరు పోలీసులు టెంపెస్ట్ విమానాల్లో వచ్చి బీదర్, వరంగల్ విమానాశ్రయాల మీద బాంబులు వేసి వెళ్లారు. అయిదో రోజుకల్లా నిజాం చేతులెత్తేశాడు. సైన్యం తన కాగితాల్లో దీన్ని ఆపరేషన్ పోలో అని రాసుకుంది. ప్రభుత్వం లోకానికి మాత్రం ‘పోలీసు చర్య’ అని చెప్పింది.

ఆ పేరు వల్ల లాభముంది. యుద్ధమంటే ఐక్యరాజ్యసమితి తలదూరుస్తుంది. నిజాం ఆగస్టులోనే భద్రతా మండలికి ఫిర్యాదు పంపి ఉన్నాడు. సొంత ఇలాకాలో పోలీసులు దుండగులను పట్టుకోవడానికి వెళ్తే మండలికేం పని? సెప్టెంబర్ 16న మండలి విచారణకు కూర్చుంది. మర్నాటికి ఫిర్యాదీ లొంగిపోయాడు.

శాంతిభద్రతల కోసమని చెప్పిన కారణం కల్పితమేమీ కాదు. నిజాం పాలనకు అండగా నిలిచిన కాసిం రజ్వీ ప్రైవేటు సేన రజాకార్లు ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో 90 మందికి పైగా జనాన్ని చంపారు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను, ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా నరికి చంపారు. ఢిల్లీ రజాకార్ల ఘోరాలను ఏకరువు పెట్టి, ఆగస్టులోనే శ్వేతపత్రం అచ్చేసి పంచింది.

ప్రాణాలు కాపాడటానికి వెళ్లినవాళ్లను, ఎన్ని కాపాడారు, ఎన్ని పోయాయి అని అడగడం మర్యాదే. నెహ్రూ అడిగారు కూడా. ఆయన మాట మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబర్ చివరి నుంచి డిసెంబర్ 21 దాకా, 16 జిల్లాల్లో 9 తిరిగారు. ఎంత తగ్గించి లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది పోయారని తేల్చారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలు. చచ్చినవాళ్లు ప్రధానంగా ముస్లింలు. కొన్నిచోట్ల సైనికులే లూటీలో, హత్యల్లో చేయి కలిపారని రాశారు. మరికొన్ని చోట్ల సైన్యం ప్రాణాలు నిలబెట్టిందనీ రాశారు.

శ్వేతపత్రం అచ్చయింది. ఈ నివేదిక కాలేదు.

అసలు అది ప్రభుత్వం పంపిన బృందమే కాదన్నారు హోంమంత్రి పటేల్. ఎవరూ పంపని ముగ్గురు, ఎవరూ అడగని లెక్క రాసి, ఎవరూ తెరవని బీరువాలో పెట్టారన్నమాట! శాంతిభద్రతల పేరుతో సైన్యం వెళ్లింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెబితే మళ్లీ శాంతిభద్రతలకే ముప్పట. కారణం ఒక్కటే, రెండుసార్లు పనికొచ్చింది.

మూడోసారి కొత్త కారణం దొరికింది. రజాకార్లు మాయమయ్యాక తుపాకులు నల్లగొండ, వరంగల్ పల్లెల్లో కమ్యూనిస్టుల వైపు, దొరల భూములు పంచుకున్న రైతుల వైపు తిరిగాయి. ‘అయిదు రోజుల’ చర్యలో వచ్చిన సైన్యం, 1951 అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా ఆ పల్లెలను వదల్లేదు.

1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో నిజాం పటేల్‌కు చేతులు జోడించిన ఫొటో సెప్టెంబర్ రాగానే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. 2008 మార్చిలో విమానాశ్రయమే శంషాబాద్‌కు తరలిపోయింది. నివేదిక మాత్రం బీరువాలోంచి కదల్లేదు. పరిశోధకుల పుణ్యాన ముక్కలు ముక్కలుగా బయటికొచ్చినా, 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ మ్యూజియంలో జనం చూడటానికి దొరకలేదు. అంటే తన సొంత సంస్థానంలో ఎందరు పోయారో ఆ కాగితాల్లోనే చూడాలనుకున్న హైదరాబాదీ అప్పుడు శంషాబాద్‌లో విమానమెక్కాల్సి వచ్చింది.

ఎదురు ప్రయాణం మాత్రం జోరుగా సాగుతోంది. 2022 నుంచి కేంద్రం సెప్టెంబర్ 17ను విమోచన దినంగా జరుపుతోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం దాన్ని సమైక్యతా దినమంది. తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినమంది. పేర్ల మీద ఇంత పోటీ పడే ఏ సర్కారూ నివేదికను తెలుగులో, ఉర్దూలో అచ్చేసి సభలో పంచిపెడతానని పోటీకి రాలేదు. వచ్చే సెప్టెంబర్‌లో ఢిల్లీ నుంచి దిగే మంత్రిగారు ఒక ప్రతి వెంట తెచ్చినా చాలు. చేతిసంచిలో పట్టేంత నివేదికే. విమానంవాళ్లు అదనపు రుసుం కూడా అడగరు.