రెండు మట్ల కాపురం: బీటల కుండకు చిట్కాలు

ఆరు ఆదివారాల్లో సారె తిప్పడం నేర్చేసుకుని, కొన్న మట్టి సంచీ అయిపోగానే ఊరి చెరువు నుంచి కారు డిక్కీలో నల్లమట్టి తెచ్చి అందులో కలిపేసే నాబోటి వాళ్ళకే ఈ సూచనలు. తరాలుగా సారె తిప్పుతున్నవాళ్ళు చదవనక్కర్లేదు.

ముందుగా, పరీక్షల జోలికి పోకండి. ఏ మట్టికా మట్టితో ఒక పట్టీ చేసి, దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరాక ఓసారి, కాలాక ఓసారి స్కేలు పెడితే ఏది ఎంత కుంచించుకుంటుందో తెలిసిపోతుంది. ఎర్రమట్టి గీత 5 మిల్లీమీటర్లు, రేగడి గీత 12 తగ్గిందనుకోండి. ఆ రెంటినీ చారలు చారలుగా కలిపితే చారకీ చారకీ మధ్యే విడిపోతుందని అప్పుడే అర్థమై ఉత్సాహం చచ్చిపోతుంది. నా గిన్నె చూసి ఓ పెద్దాయన అడిగాడు: "పెళ్ళి చేసేముందు జాతకాలు చూడలేదా బాబూ?" చూడలేదండీ, ప్రేమ పెళ్ళి.

పిసికిన ముద్దను తీగతో కోసి చూడకండి. చూస్తే గడ్డలు కనిపిస్తాయి, మళ్ళీ పిసకాలి.

ఇక అడుగున ఎస్ అక్షరంలా మెలితిరిగే బీట. దీనికి పెద్ద శ్రమ అక్కర్లేదు. గోడలు పైకి లాగడం మీదే ధ్యాస పెట్టి, అడుగును వేళ్ళతో నొక్కకుండా వదిలేయండి. లోపల నిలిచిన నీటిని స్పాంజితో తీయకండి. తర్వాత ఫ్యాను కింద పెట్టండి. అంచు ముందే ఆరి బిగుసుకుంటుంది, తడి అడుగు తర్వాత తీరిగ్గా కుంచించుకోబోయి, చోటు చాలక చీలుతుంది. మన ఊళ్ళలో కుండను సారె మీంచి దించాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో టపటపా కొడుతుంటే అందానికేమో అనుకునేవాణ్ణి. ఆ దెబ్బలకే అడుగు గట్టిపడుతుందట. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నవాళ్ళు ఈ దెబ్బల్ని లెక్కలోకి తీసుకోలేదు.

బీట కనిపించిందా? నీళ్ళమట్టి పూయండి. అది ఆరేటప్పుడు కుండ కంటే ఎక్కువ కుంచించుకుని, బీటను ఉన్నచోటే మళ్ళీ తెరిచి పెడుతుంది. మళ్ళీ పూయండి. నేను నాలుగుసార్లు పూశాను.

కొలిమి చల్లారేదాకా ఆగడం చాదస్తం. మట్టిలోని ఇసుకరేణువు 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది. వేడెక్కుతూ ఉబ్బుతుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. సరిగ్గా అక్కడే తలుపు తీసి తొంగి చూస్తే జుట్టుపోగంత బీట ఉచితం. కంటికి ఆనకపోతే వేలితో కొట్టండి. ఖంగుమనాల్సింది డబ్బుమంటుంది.

ఇన్ని చేసినా నాదో కూజా బతికి బయటపడింది. మోగించి చూశాను, ఖంగుమంది. బావగారి గృహప్రవేశానికి ఇచ్చాను. మూడో రోజు ఫోను: "ఏమోయ్, అలమరాలో పెట్టింది పెట్టినట్టే ఉంది, రాత్రి టప్పుమని పెచ్చు ఊడింది!" ఊడినచోట శనగగింజంత తెల్లటి పొడి ఉందట. చెరువుమట్టిలో జల్లెడ పట్టకుండా వదిలేసిన సున్నపురాయి కొలిమిలో కాలి, గాలిలోని తేమ తాగి ఉబ్బిందన్నమాట.

"మీ ఇంట్లో తేమ ఎక్కువ బావా," అన్నాను.