విద్యుద్దర్శిని ఆత్మకథ

హుస్నాబాద్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాల సైన్సు గదిలో ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో పుట్టిన ఈ విద్యుద్దర్శిని, అంటే వస్తువు మీద విద్యుదావేశం ఉన్నదో లేదో చూపే సాధనం, తన కథను ఇలా చెప్పుకుంటుంది. ఒక గాజు సీసా, దాని మూతికి అట్టముక్క, అట్టను చీల్చుకుని లోపలికి దిగిన పేపర్ క్లిప్పు, క్లిప్పు కొసన వేలాడే రెండు పలుచని అల్యూమినియం రేకులు: దాని శరీరం ఇంతే. పాలిథీన్ సంచితో రుద్దిన పెన్ను రీఫిల్‌ను క్లిప్పుకు తాకించినప్పుడు, రాపిడి వల్ల రీఫిల్ మీద నిలిచిన ఆవేశం, అంటే స్థిర విద్యుత్తు, లోహం గుండా రెండు రేకులకూ చేరుతుంది. ఒకే జాతి ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి రేకులు విడివడి నిలుస్తాయి. క్లిప్పును చేతితో తాకితే ఆవేశం మనిషి శరీరం గుండా నేలకు చేరి రేకులు మళ్లీ వాలిపోతాయి. ఇలా నేలతో కలపడాన్నే భూసంధానం అంటారు, ఇళ్లలో ఎర్తింగ్ అనేది ఇదే. చలికాలపు పొడిగాలిలో రేకులు చాలాసేపు విడివడి ఉంటాయి గాని, వానాకాలంలో తేమ పట్టిన అట్ట మీదుగా ఆవేశం త్వరగా జారిపోతుంది కాబట్టి, ఆ రోజుల్లో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు సీసానూ అట్టనూ ముందుగా ఆరబెట్టుకోవడం మంచిది.

ఈ చిన్న సీసా వంశం మాత్రం గొప్పది. 1600లో విలియం గిల్బర్ట్ వర్ణించిన, మొన మీద తిరిగే లోహపు సూది దీని మూలపురుషుడు. 1787లో అబ్రహాం బెనెట్ అనే ఇంగ్లండు మతాచార్యుడు బంగారు రేకుల విద్యుద్దర్శినిని వెలువరించాడు. 1912లో విక్టర్ హెస్ ఇదే జాతి సాధనాలను బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు తీసుకుపోయి, పైకి వెళ్లేకొద్దీ గాలిని ఆవేశపరిచే కిరణాల బలం పెరుగుతున్నదని గమనించి, విశ్వకిరణాలను కనుగొన్నందుకు 1936లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతకన్నా ముందుగా స్మరించవలసినవాడు గియోర్గ్ రిచ్‌మన్. మెరుపులోని ఆవేశాన్ని కొలవడానికి ఇంటి మీద నిలిపిన లోహపు కడ్డీని నేలతో కలపకుండా ఉంచిన ఆయన 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పిడుగుపాటుకు మరణించాడు. భవనాల మీద అమర్చే తటిద్వాహకం, అంటే పిడుగును నేలలోకి దింపే కడ్డీ, ఎందుకు తప్పనిసరిగా భూసంధానమై ఉండాలో ఆ మరణమే చెబుతుంది.

మేఘంలో మంచు స్ఫటికాలూ వడగళ్ల ముద్దలూ ఢీకొన్నప్పుడు తేలికైనవి ధనావేశంతో పైకి, బరువైనవి రుణావేశంతో కిందికి చేరతాయి. ఆ తేడా గాలి తట్టుకోలేనంతగా పెరిగినప్పుడు ఒక్కసారిగా జరిగే ఉత్సర్గమే మెరుపు, అది నేలను తాకితే పిడుగు. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరి కోతలై ధాన్యం కల్లాల్లో ఉన్నప్పుడే సాయంత్రపు ఉరుములతో వాన ముంచుకొస్తుంది. టార్పాలిన్లు కప్పడానికి కల్లం వైపు పరుగెత్తే రైతు, తాటిచెట్టు మీది గీత కార్మికుడు, చెట్టు కింద నిలిచే గొర్రెల కాపరి అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. దేశంలో ఏటా రెండు వేలమందికి పైగా పిడుగుపాటుకు బలవుతున్నారు. 2022లో ఈ సంఖ్య 2,887. అయితే పిడుగు చాలావరకు హెచ్చరించే వస్తుంది. ఉరుము వినిపించే దూరంలో ఉన్నవారు పిడుగుకు కూడా అందే దూరంలోనే ఉన్నట్టు, కాబట్టి చెట్టును వదిలి పక్కా ఇంట్లోకి చేరి, చివరి ఉరుము తర్వాత కూడా 30 నిమిషాలు ఆగాలి. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ ఫోన్‌లోనే ముందస్తు సమాచారం ఇస్తుంది.

ఆవేశాన్ని చూపగల ఈ దర్శినికి భూకంపాన్ని చూపే శక్తి మాత్రం లేదు. భూపటలంలోని శిలల్లో కూడా ఒత్తిడి ఏళ్ల తరబడి పోగుపడి, పగులు వెంట ఒక్కసారిగా విడుదలవుతుంది. ఆ పిల్లల పాఠ్యపుస్తకం పిడుగునూ భూకంపాన్నీ ఒకే అధ్యాయంలో చేర్చడంలోని ఔచిత్యం ఇదే. కాని ఆ ఒత్తిడి ఏ క్షణాన తెగుతుందో ముందుగా చూపే రేకులు ప్రపంచంలో ఎక్కడా లేవు, భూకంపలేఖిని సైతం కదలిక మొదలైన తర్వాతే దాన్ని నమోదు చేస్తుంది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ వరకూ తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చినదీ గోదావరి లోయకు చెందినదే. దక్కన్ గట్టి నేల కాబట్టి భయం లేదనే మాట 1993 సెప్టెంబర్ 30న లాతూర్‌లో వచ్చిన భూకంపంతో వీగిపోయింది. అక్కడ దాదాపు 10,000 మంది చనిపోవడానికి ప్రధాన కారణం మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు కూలడమే.

హుస్నాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో అలాంటి పాత గోడలు ఇంకా ఉన్నాయి. కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో, ముఖ్యంగా ప్రతి బడిలో, లింటెల్ ఎత్తున నాలుగు గోడలనూ చుట్టి కలిపే ఇనుప చువ్వల కాంక్రీటు పట్టీ వేయించాలనీ, పైకప్పు మీది తటిద్వాహకం తీగ నేలలోకి తెగకుండా దిగిందో లేదో ఏటా ఎండాకాలానికి ముందే చూసుకోవాలనీ ఈ విద్యుద్దర్శిని పెద్దలను కోరుతున్నది.