గొడ్లచావిడిలో కట్టుగొయ్యను

నేను నల్లతుమ్మ చేవను. దివిసీమలో, అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్లే దారిపక్కనున్న ఓ ఊళ్లో, కుడితితొట్టి ముందు నన్ను లోతుగా పాతారు. పైకి కనిపించేది జానెడున్నరే. పలుపు జారకుండా మెడ చుట్టూ గంటు పెట్టారు.

గొడ్డు సంగతి నాకు పలుపు లాగుడులోనే తెలుస్తుంది. ఆకలైంది తొట్టివైపు లాగుతుంది. ఎదకొచ్చిన గేదె రాత్రంతా నిలవదు, నా చుట్టూ తిరిగి తిరిగి పలుపంతా నాకే చుట్టేస్తుంది. ఈనబోయేది పడుకుని లేస్తూ, లేచి పడుకుంటూ తాడుని బిగిస్తుంది, వదులు చేస్తుంది. గాలికుంటు తగిలింది మాత్రం కదలదు. మా పెద్దరైతు తెల్లవారుజామున వచ్చి ముందుగా నా చుట్టూ ఉన్న తొక్కిడి చూసేవాడు. రాత్రి ఏం జరిగిందో ఆ నేలే ఆయనకి చెప్పేది.

మొదట్లో నాకు కట్టింది ఒంగోలు ఎడ్లని. తొలకరికి దమ్ము, కోతలయ్యాక బండి, నూర్పుళ్లలో బంతి తొక్కుడు. డెల్టాలో బీడుభూములు ఎప్పుడూ తక్కువే. ఊడ్పులైతే కాలవ గట్లూ కరకట్టా తప్ప గొడ్డు మూతి పెట్టే చోటుండదు. అందుకే మా రైతులు మేత కూడా చేలోనే పండించుకున్నారు. వరి ఇంకా కోయకముందే, చేలో పదును ఉండగానే పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. కోత అయ్యేసరికి దుబ్బుల మధ్య పచ్చగా లేచేది. ఆ పచ్చిమేత వేసవి దాకా, వామిలోని ఎండుగడ్డి మళ్లీ కోతల దాకా. ఈ లెక్క కట్టినవాళ్లని నేను నిజంగా గొప్పవాళ్లంటాను. ఒక్క చేను మనిషికి గింజా, గొడ్డుకి గడ్డీ, మళ్లీ నేలకి సత్తువా ఇచ్చేలా చూసుకున్నారు.

1977 నవంబరు 19, శనివారం. పొద్దుటి నుంచీ ఈదురుగాలి. చావిడి కప్పు లేచిపోయింది. ఆ తర్వాత సముద్రమే ఊళ్లోకొచ్చింది. పలుపు విప్పే వ్యవధి ఎవరికీ దొరకలేదు. ఎడ్లు రెండూ ఒక్క ఊపున పైకి లాగాయి. అంత లాగుడు నేను అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను. నేను ఊడలేదు, పలుపు తెగలేదు. కాసేపటికి లాగుడు ఆగిపోయింది. దివిసీమలో వేలమంది పోయిన రాత్రి అది. గొడ్ల లెక్క ఎవరు చూడగలరు? అప్పటినుంచీ రేడియోలో తుఫాను మాట వినపడగానే మా ఇంట్లో మొదట జరిగే పని చావిట్లోకి పరిగెత్తి పలుపులు విప్పడం. సామాను ఆ తర్వాతే.

ఎడ్లజత మళ్లీ కొనలేదు. కొన్నాళ్లకి దమ్ముకి ట్రాక్టర్లొచ్చాయి. బ్యాంకు అప్పుతో ముర్రా రకం గేదె వచ్చింది. హర్యానా జాతి అది, కొమ్ములు చుట్ట తిరిగి ఉంటాయి. విజయవాడలో పాలపొడి ఫ్యాక్టరీ 1969లోనే మొదలైంది. ఊరూరా పాలకేంద్రాలు పెరిగాక చావిడి పెత్తనం పెద్దరైతు చేతిలోంచి ఆయన ఇల్లాలి చేతిలోకి వెళ్లింది. నాలుగింటికి లేచి, దూడని విడిచి, గేదె చేపుకొచ్చాక దూడని నా పక్క గుంజకి కట్టి పాలు పితికేది. పిల్లల ఫీజులు, పచారీ సామాను, ఆసుపత్రి ఖర్చు అన్నీ పాలడబ్బుల్లోంచే. వడ్ల డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వచ్చేలోపే అప్పులకి పోతుంది. పాలడబ్బు పదిహేను రోజులకోసారి ఆమె చేతికే వచ్చేది. ఆ ఇంట్లో ఆమె మాటకి బరువు పెరగడం నేను ఈ చావిట్లోంచే విన్నాను.

కేంద్రంలో రేటు కట్టేది వెన్నని బట్టి. గేదెపాలకి వెన్న ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా వస్తుంది. ఓ ఏడు కేంద్రం కుర్రాడు, "పెద్దమ్మా, నీ పాలల్లో వెన్న తగ్గిందే!" అన్నాడట. ఆమె ఇంటికొచ్చి తవుడు పెంచింది, పత్తిచెక్క పెంచింది. వెన్న పెరగలేదు. కడుపులో పీచు పడనిదే పాలల్లో వెన్న కట్టదు మరి. ఆ ఏడు వామి సగానికే వేశారు. చేలో కోతమిషన్ దిగింది కాబట్టి.

చేత్తో కోస్తే గడ్డి నిలువునా ఉంటుంది. పనలు ఆరతాయి, కట్టలు కడతారు, వామి వేస్తే ఏడాదంతా నిలుస్తుంది. మిషన్ కోస్తే గడ్డి నలిగి, చక్రాల కింద బురదలో తొక్కుడు పడుతుంది. అందులో బాగున్నది ఏరి కట్టలు చుట్టించాలంటే మళ్లీ మిషన్, మళ్లీ డబ్బు. చాలామంది చేలోనే తగలబెట్టేస్తున్నారు. మిషన్ని నేను తప్పు పట్టను. కోతకి కూలీలు దొరకడంలేదు, వాన మబ్బు పట్టినప్పుడు పంట ఇంటికి చేర్చేది అదే. కానీ గడ్డి తగలబెట్టే ఊళ్లో, గడ్డి కొని గేదెని మేపలేక అమ్ముకునే ఇళ్లు ఉండటం నాకు మింగుడుపడదు. రొయ్యల చెరువైన చేలో అయితే గడ్డీ లేదు, పిల్లిపెసరా లేదు. చావిట్లో నా వరసలో కట్టుగొయ్యలు ఇప్పుడు సగం ఖాళీ. పాలు తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు.

పెద్దమ్మ పోయాక కోడలు చావిడి అందుకుంది. పంటబోదె గట్టున సూపర్ నేపియర్ నాటింది. మొన్న కోతల ముందు ఆవిడే చేలోకి వెళ్లి ఇంటి వెనక మడిలో పిల్లిపెసర చల్లించింది. మిషన్ మాట్లాడటానికి వచ్చినాయనతో గట్టిగానే చెప్పింది. "మిగతా చేనంతా కోసుకో అన్నయ్యా. ఈ అరెకరంలోకి మాత్రం చక్రం దిగకూడదు. మనుషుల్ని పెట్టి కోయిస్తాను, కూలి ఎంతైనా ఇస్తాను. చూడిగేదె ఉంది, వచ్చే నెలలో ఈనుతుంది. దానికి గడ్డి కావాలి."